ఆమె ఇంకా తింటూనే ఉంది

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. సింగపూర్‌లో, మా ప్రయాణంలోని ఆఖరి రాత్రి, నా భార్య విస్తరి ముందు కూర్చుని ఇంకా తింటూ ఉండగానే నేను లేచి, చేయి కడుక్కుని, బస్సెక్కి వెళ్లిపోయాను. ఆమెను వెనక వదిలేసి వచ్చానన్న సంగతి పడవలో కూర్చున్నాక గాని నాకు తెలియలేదు. అది కూడా ఇంకొకరు అడిగితే తెలిసింది. మతిమరుపు అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మతిమరుపు అయితే ఇంత బాధ ఉండేది కాదు. అది మా ఇంటి అలవాటు. దాన్ని సముద్రం దాటించి తీసుకుపోయింది నేను.

మాది కర్నూలులో సిమెంటు అంగడి. సిమెంటుతోపాటు బేతంచెర్ల నుంచి పాలిషు బండలు తెప్పించి అమ్ముతాం. ముందు అంగడి, వెనక ఇల్లు. మా ఇంట్లో మగవాళ్లు అన్నానికి కూర్చోవడమంటే లారీ బంకులో ఆగి డీజిలు పోయించుకున్నట్టే. ఒకరు గల్లాపెట్టె దగ్గర ఉంటే ఒకరు లోపలికి వచ్చి తినిపోవాలి. ముందు నాయన, ఆయన లేస్తే అన్న, అన్న లేస్తే నేను. తర్వాత అమ్మ. అందరి ఎంగిళ్లు ఎత్తి, పొయ్యిగట్టు తుడిచి, చివర నా భార్య. "తిన్నాక ఆకు ముందు కూచ్చునేటోడు ఆకును కాస్తాడు గాని అంగడిని కాయడప్పా" అనేవాడు నాయన. ఆ మాట వింటూ పెరిగాను. మజ్జిగన్నం అయిందంటే లేవడమే. నా భార్య ఏం తినేదో, ఆమె దాకా పప్పు మిగిలేదో లేదో, పెళ్లయి అన్నేళ్లయినా నేను ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు.

రెండువేల దశకం మధ్యలో ఒక ఏడు మా సిమెంటు కంపెనీవాళ్లు, బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా మలేసియాకూ సింగపూర్‌కూ తీసుకుపోతామన్నారు. కర్నూలు, కడప జిల్లాల నుంచి రెండు బస్సులకు సరిపోయే జనం. అమ్మకు అది నచ్చలేదు. "మగోళ్లు పోతే పోతిరి, దాన్నెందుకప్పా తోడుకోని పొయ్యేది? ఆడ దానికేం పని?" అంది. నా భార్య మాత్రం మరునాటి నుంచే పొడులు దంచడం మొదలుపెట్టింది. పప్పులపొడి, వేరుసెనగలు వేయించి చేసే చెనిక్కాయపొడి, నిమ్మకాయ ఊరగాయ, కటకటలాడే ఎండు సజ్జరొట్టెలు. మేం శాకాహారులం. పరాయి దేశంలో ఏం దొరుకుతుందోనని మా ఇంట్లో అందరికంటే ఆమెకే భయం. అయితే ఆ డబ్బాలు సర్దుకుంటూ ఆమె నన్నడిగిన ప్రశ్న తిండి గురించి కాదు.

"పడవ ఎక్కిస్తారంట కదా. ఏ దినం?"

"ఆఖరి దినం. సింగపూర్లో. ఏం, ఎక్కుతావా? భయం లేదా?"

"నేను పుట్టిన ఊర్లో బిందెడు నీళ్లకు పొలాలు దాటి పోతాంటిమి. ఒకసారి నీళ్ల మీద కూచ్చోని చూస్తా."

ఆమె పుట్టిల్లు ఆదోని దాటాక కన్నడం గాలి తగిలే ఒక పల్లె. డబ్బును ఇప్పటికీ దుడ్లు అనే అంటుంది. అంగడిలో కన్నడం గిరాకీ వస్తే లోపలి నుంచే మాట అందించేది. అంతకు మించి ఆమె గొంతు అంగడి దాకా వచ్చేది కాదు.

మొదటి రాత్రి కౌలాలంపూర్‌లో కంపెనీవాళ్లు హోటల్లో పెద్ద విందు పెట్టారు. మందు, మాంసం, పాటలు. మూలన మాలాంటి వాళ్లకు ఒక బల్ల వేసి పెరుగన్నం, పులిహోర పెట్టారు గాని, వాసనలు ఆ మూలను వదల్లేదు. కాసేపటికి నా భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

"యాడికి?"

"బయటికి. ఆ వాసనకు కడుపులో తిప్పుతాండాది. మీరు పొయ్యి కూచ్చోండి, మీవాళ్లు ఎదురుచూస్తాంటారు."

ఒక్కదాన్నే పంపలేక తోడు వెళ్లాను. ఇష్టంగా వెళ్లానని చెప్పను. అప్పుడే వాన వెలిసింది. రోడ్డంతా దీపాలు పడి నూనె పోసినట్టు మెరుస్తోంది. రెండు సందులు తిరిగేసరికి ఒక తమిళుల ఫలహారాల అంగడి కనిపించింది. గుమ్మం మీద విభూతి రేఖలు, లోపల దేవుడి పటం. అది చూసి ఆమె మొహం తేటపడింది. ప్లాస్టిక్ బల్లలు ఫుట్‌పాత్ మీదే వేసి ఉన్నాయి. ఒకాయన పిండిని దస్తీలాగా గాల్లో విసిరి, పలచగా సాగదీసి, మడతలు పెట్టి పెనం మీద వేస్తున్నాడు. నేను కూర్చున్నాను. ఆమె బల్ల పక్కన నిలబడింది.

"ఏం నిలబడితివి?"

"మీరు తినండి ముందు."

"ఈడ వడ్డించేది నువ్వు కాదే. ఆయప్ప వడ్డిస్తాడు. కూచ్చో."

కుర్చీ అంచు మీద కూర్చుంది, ఎవరైనా పిలిస్తే లేవడానికి సిద్ధంగా. రొట్టె తెచ్చిపెట్టిన మనిషిని ఆమె కన్నడంలో గట్టిగా అడిగింది: "మొట్టె ఇల్లా?" గుడ్డు వేయలేదు కదా అని. ఆయన తల అడ్డంగా ఊపి, "ఇల్లమ్మా, ఇల్ల" అన్నాడు. మా భాషలు కలవకపోయినా ఆ ముక్క కలిసింది. ఆమె నా వైపు గెలిచినట్టు చూసింది.

రొట్టె పొరలు పొరలుగా ఊడి వస్తోంది. పక్కన చిన్న గిన్నెలో పప్పు. ఆమె ఒక తునక ముంచి నోట్లో పెట్టుకుని, మా అమ్మ ఆమె వంటను చూసినట్టే చూసింది.

"ఉప్పు తక్కువుండాది. పప్పు మాత్రం బాగ ఉడికిండాది."

తర్వాత ఇద్దరం తింటూ ఉన్నాం. ఉన్నట్టుండి ఆమె నవ్వింది.

"ఏమే?"

"మీరు తినేటప్పుడు ముక్కు మీద చెమట పడతాది. తెల్సునా మీకు?"

"ఇన్నేండ్లు వడ్డిస్తివి. ఇప్పుడు చూస్తివా?"

"వడ్డించేటప్పుడు ఆకు కనపడతాది గాని మొకం యాడ కనపడతాది?"

నేనూ ఆమెను అప్పుడే చూస్తున్నాను. కరకరలాడే అంచులన్నీ విరిచి ఒక పక్క దాచుకుని, మెత్తటి భాగం ముందు తింటోంది. మంచిది ఆఖర్న తినే మనిషి అని ఆ రోజు తెలిసింది నాకు. నిదానంగా తింటుంది. నాలుగు ముద్దలకోసారి ఆగి ఏదో ఒకటి చెబుతుంది. టీ పోసేవాడు ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి అంత ఎత్తు నుంచి పోస్తుంటే, "చూడండి, మూర గుడ్డ కొలిచినట్టు కొలుస్తాండాడు టీని" అంది. నేను నవ్వితే ఇంకొకటి చెప్పింది. ఆమె మాటల్లో ఇంత నవ్వు ఉందని నాకెలా తెలియాలి? మా ఇంట్లో ఆమె తినే వేళకు నేను అంగడిలో ఉంటాను.

లేవబోతుంటే అంది: "మన పెండ్లిలో ఒక ఆకులో తింటిమి. మళ్లా ఇదే."

"అవునా?"

"అవునా అంట! ఒక మాట చెప్తా, ఇంటారా? ఊరికి పోయినాక మీ అంగడి మీది, మీ గల్లాపెట్టె మీది. ఈ దేశంలో ఉన్నన్ని దినాలు నేను తినేదాకా మీరు నా ఎదురుంగ కూచ్చోవల్ల."

"సరే."

"సరే అంటే సరేనా, గిరాకీకి చెప్పినట్టా?"

"సరేలేవే. కూచ్చుంటా."

హోటలుకు నడిచి వస్తూ దారి తప్పాం. తప్పామని తెలిసినా ఇద్దరం తొందరపడలేదు. మా విందులో పాటలు ఇంకా వినపడుతున్నాయి. లోపలికి పోకుండా మెట్ల మీద కూర్చున్నాం. ఆ మెట్ల మీది గాలి ఇప్పటికీ అప్పుడప్పుడు అంగడిలో మధ్యాహ్నం పూట, లారీ దుమ్ములో, నాకు తగిలినట్టే ఉంటుంది.

మాట నిలబెట్టుకున్నాను, కొన్ని రోజులు. మూడో రోజు మమ్మల్ని తీగ మీద నడిచే రోప్‌వే పెట్టెల్లో ఒక కొండమీది ఊరికి తీసుకుపోయారు. అక్కడ చలి. మబ్బు నేరుగా మొహానికి తగులుతోంది. ఎండాకాలం అంటే ఏమిటో తెలిసిన మా సీమ జనం ఆ చలికి అటూ ఇటూ పరుగులు పెట్టారు. ఒక బండి దగ్గర ఉడికించిన మొక్కజొన్న గింజలకు వెన్న కలిపి కాగితపు గ్లాసుల్లో అమ్ముతున్నారు. ఇద్దరికీ కలిపి ఒక గ్లాసు తీసుకున్నాం. నా శాలువా సగం ఆమె కప్పుకుంది. ఒకే చెమ్చా. ఆమె పళ్లు టకటకలాడుతుంటే గింజలు కింద పడుతున్నాయి, అది చూసి ఆమే నవ్వుకుంటోంది. అందరూ బస్సు దగ్గరికి పోయినా గ్లాసు అడుగు దాకా తిననిచ్చి, పక్కనే నిలబడ్డాను.

అప్పుడే మా ఎర్రగుంట్ల డీలరు అటు వచ్చాడు. మంచివాడు, నోటి దురుసు మనిషి. మా గుంపుకంతా నవ్వులు పంచేది ఆయనే. భార్య కూడా ఆయన వెనకే ఉంది.

"ఏమప్పా కర్నూలు, కొత్త పెండ్లికొడుకు మాదిరి అయితివే! పెండ్లాం తినేదాకా కాపలా కాస్తాండావు."

"చలికి కదలలేక నిలబడిండా లేప్పా."

"అట్ల చెప్పు. నేనేమో అంగడి ఆయమ్మ పేర రాసిస్తివేమో అనుకుంటి."

చుట్టూ ఉన్న మగవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నా భార్య కూడా నవ్వింది. ఆమెకు ఆ మాట అంతటితో అయిపోయింది. నాకు కాలేదు. ఆ సాయంత్రం నుంచి భోజనాల దగ్గర కూర్చుంటే, ఎవరు నా వైపు చూస్తున్నారో నేను చూడటం మొదలుపెట్టాను.

ఆఖరి రోజు సింగపూర్‌లో, మన వాళ్ల అంగళ్లుండే వీధిలో, ఒక శాకాహార హోటల్లో మా అందరికీ భోజనం. తర్వాత నది ఒడ్డుకు పోయి పడవలో తిప్పుతారని చెప్పారు. నా భార్య అన్ని రోజులూ దాచుకున్న నెమలికంఠం రంగు పట్టుచీర ఆ సాయంత్రానికి కట్టుకుంది. ఆ ఉదయం నుంచి మాటిమాటికీ ఆకాశం చూసుకుంది, వాన పడి పడవ ఆపేస్తారేమోనని.

అరిటాకుల్లో వడ్డించారు. సాంబారు చప్పగా ఉంది. ఎవరో "అక్కా, నీ పొడి లేదా?" అన్నారు. అంతే. ఆమె సంచిలోంచి డబ్బాలు తీసింది. పప్పులపొడి, చెనిక్కాయపొడి, ఊరగాయ. ఒక్కొక్క బల్లకూ తిరిగి చెమ్చాతో వడ్డించింది. "ఇంకొంచెం ఎయ్యమ్మా", "నూనె ఉండాదా అక్కా?" అని నాలుగు పక్కల నుంచీ పిలుపులు. ఎర్రగుంట్ల ఆయన కళ్లలో నీళ్లు పెట్టుకుని, "వదినమ్మా, ఇన్నాళ్లకు నోరు బతికింది" అన్నాడు. నాకు గర్వంగా ఉంది. ఇంట్లో లాగే అందరికీ వడ్డించి, ఇంట్లో లాగే ఆఖర్న ఆమె కూర్చుంది. నా ఎదురుగా. అప్పటికే నేను మజ్జిగన్నంలో ఉన్నాను.

ఆమె సాంబారన్నం కలుపుతుండగా నాది అయిపోయింది. పక్క బల్ల దగ్గర ఎర్రగుంట్ల ఆయన లేచాడు.

"లెయ్యప్పా, బస్సులో ముందు సీట్లు పట్టుకుందాం. ఏం, ఈ పూట కూడా కాపలానా?"

నేను ఆమె వైపు చూశాను. ఆమె తలెత్తకుండానే, "కూచ్చోండి, ఎంతసేపు" అంది.

"తిని రా. చెయ్యి కడుక్కుంటా" అని లేచాను.

చేయి కడుక్కోవడానికే లేచానని అప్పుడు నేను కూడా నమ్మాను. కుళాయి దగ్గర ఎర్రగుంట్ల ఆయన లారీ బాడుగలు పెరిగిన సంగతి ఎత్తాడు. నీళ్లు చేతి మీద పడగానే నా మనసు ఆ విస్తరి దగ్గర నుంచి లేచిపోయింది. ఇంట్లో రోజూ లేచినట్టే. మాట్లాడుకుంటూ బయటికి వచ్చి బస్సెక్కాం. బస్సులు రెండు. ఆడవాళ్లు ఎక్కువమంది రెండో బస్సు ఎక్కుతారు. మమ్మల్ని తిప్పుతున్న టూరు కుర్రాడు హైదరాబాదు పిల్లవాడు. మెట్టు మీద నిలబడి అడిగాడు: "సార్, మేడమ్ గారు ఎక్కారా?"

"ఎక్కింది, ఆ బస్సులో ఉండాది" అన్నాను. తల కూడా తిప్పలేదు.

నది నిండుగా ఉంది. అటూ ఇటూ ఆకాశం దాకా కట్టిన మేడలు, వాటి దీపాలన్నీ నీళ్లలో. పడవ ఒడ్డు వదిలింది. వంతెన కిందుగా పోతుంటే అందరూ ఓహో అని అరిచారు. అప్పుడు ఎర్రగుంట్ల ఆయన భార్య వెనక నుంచి ముందుకు వంగి అడిగింది.

"అన్నా, అక్క యాడ? కనపడల్యా?"

"మీ బస్సులోనే వచ్చె కదమ్మా."

"మా బస్సులో లేదే!"

ఆ తర్వాత పడవ తిరిగి ఒడ్డుకు వచ్చేదాకా నేను ఏం చూశానో నాకు తెలియదు. ఆమె పాస్‌పోర్టు నా జేబులో. మేం దిగిన హోటలు చిరునామా ఉన్న చీటీ నా జేబులో. ఆమె దగ్గర ఫోను లేదు. నా ఫోను ఆ దేశంలో పనిచేయదు. పడవ నడిపేవాడిని వెనక్కి తిప్పమంటే, దారి ఒకటే, చుట్టి రావాల్సిందే అన్నాడు. ఆమె చూడాలనుకున్న నీళ్లనీ, దీపాలనీ, ఆమె లేకుండా మొత్తం నాకు చూపించింది ఆ పడవ.

టాక్సీలో నేనూ టూరు కుర్రాడూ వెళ్లేసరికి ఆ భోజనాల హోటలు మూసేస్తున్నారు. కుర్చీలు బల్లల మీద బోర్లించి నేల తుడుస్తున్నారు. ఒక్క బల్ల మాత్రం వదిలేశారు. దాని దగ్గర ఆమె కూర్చుని ఉంది. డబ్బాలు సర్దిన సంచి ఒళ్లో. ఆకు ఎత్తేశారు. ఎవరో ఆమె ముందు ఒక గ్లాసు కాఫీ పెట్టారు. తాగలేదు.

నా భయమంతా కోపమై నోట్లోంచి వచ్చింది.

"తెలివుండాదా నీకు? అందరూ లేస్తే లేచి రాకూడదా? ఎంతసేపు తింటావు?"

ఆమె నెమ్మదిగా చెప్పింది: "అన్నం విడిచి లేస్తే తప్పు కదా అని తింటా ఉంటి. తలెత్తి చూస్తే ఎవ్వురూ లేరు. చెయ్యి కడుక్కోని వస్తారని కూచ్చుంటి."

కుర్రాడు "సారీ మేడమ్" అని మాటిమాటికీ అంటున్నాడు. తప్పు అతనిది కాదని నేను చెప్పలేదు. మేం బస చేసిన హోటల్లో అందరూ కింద గుమిగూడి మా కోసం చూస్తున్నారు. వాళ్ల ముందు తేలికపడాలని, "మా ఆయమ్మ ఆకు ముందు కూచ్చుంటే అంతే, లోకం మునిగినా లేవదు" అన్నాను. అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

గదిలో పట్టుచీర మడత పెడుతూ అడిగింది: "పడవ బాగుండెనా?"

"బాగుండె."

"నీళ్లు శానా ఉండెనా?"

"ఉండె."

ఆ రెండు ప్రశ్నల తర్వాత కూడా నేను క్షమించమనలేదు. మరునాడు పొద్దున్నే విమానం.

కర్నూలుకు వచ్చాక అంతా యథాప్రకారం. నాయన, అన్న, నేను, అమ్మ, తర్వాత ఆమె. నేను లేచే వేళకు ఒక్కోసారి కౌలాలంపూర్ ఫుట్‌పాత్ మీది ఆ ప్లాస్టిక్ బల్ల నాకు కనిపించేది. ఎదురుగా ఒక మనిషి కరకరలాడే అంచులు పక్కకు దాచుకుంటూ, ఏదో ఒకటి చెబుతూ నవ్వుతూ ఉండేది. అదే మనిషి వంటింట్లో పది అడుగుల దూరంలో ఉంది. అయినా ఆమె మీద నాకు బెంగ కలిగేది. పక్కనున్న మనిషి మీద బెంగ పెట్టుకోవడం ఏమిటో ఎవరికైనా ఎలా చెప్పను? ఒకటి రెండుసార్లు హోటలుకు పోదాం రమ్మని తీసుకుపోయాను. వచ్చింది. తల వంచుకుని గబగబా తినేసింది. మాటలు లేవు. ఇక ఆ సరదా పోయిందేమో అనుకున్నాను గాని, ఎందుకు పోయిందో అడగడానికి ధైర్యం చాలలేదు.

రెండేళ్లకు ఎర్రగుంట్లలో ఆ డీలరు కూతురి పెళ్లి. బంతిలో మమ్మల్నిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఆయనే దగ్గరుండి బొబ్బట్లు, మా సీమ మాటలో ఓళిగలు, వేయించాడు. చుట్టాలతో అన్నాడు: "ఈ వదినమ్మ దగ్గర జాగ్రత్తప్పా! ఆకు ముందు కూచ్చుంటే సింగపూరు ఖాళీ అయినా లేయదు. మేమంతా పడవెక్కి పొయ్యొస్తిమి, ఈయమ్మ పెరుగన్నంలోనే ఉండె!"

బంతి బంతంతా నవ్వింది. ఆమె కూడా, ఎప్పటిలాగే. కాని ఆ నవ్వుతూనే ఆమె చూపు నా చేతి మీదికి వచ్చింది. నా ఆకులో ఎంత మిగిలిందో చూసింది. చూసి, తన ముద్దలు పెద్దవి చేసి తొందరతొందరగా మింగసాగింది. ఓళిగ అంచు విరిచి దాచుకోలేదు. అప్పుడు తెలిసింది నాకు. హోటల్లో ఆ గబగబ కూడా ఇదే. నేను లేచేలోగా తను అయిపోవాలి. రెండేళ్లుగా నాతో కూర్చున్నప్పుడల్లా ఆమె నా చేతిని చూస్తూ తింటోంది.

చేతిలోని ముద్ద ఆకులో పెట్టేశాను.

"ఆ మాట తప్పప్పా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "ఆయమ్మ నిదానం కాదు. నేనే నిలబడలేదు. కూచ్చోండి అని అడిగినా ఇడిసిపెట్టి వస్తి. టూరు పిల్లోడు అడిగితే, చూడకుండానే, ఎక్కింది అని చెప్తి. ఆ పిల్లోనిదీ తప్పు లేదు. మీరందరూ నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి."

ఎర్రగుంట్ల ఆయన తెల్లబోయి, "ఊరికే నవ్వులకు అంటి గదప్పా" అన్నాడు. నా భార్య నా మోచేయి తాకింది. "పెండ్లింట్లో ఇవన్నీ ఎందుకండీ ఇప్పుడు. తినండి."

తిరుగు ప్రయాణంలో బస్సు బేతంచెర్ల దాటింది. రోడ్డు పక్కన తెల్లటి బండల గుట్టలు పోతున్నాయి. అప్పుడు అడిగింది.

"ఎక్కింది అని మీరు చెప్తిరా, ఆ పిల్లోనికి?"

"చెప్తి."

"ఆ పిల్లోడే మరిచిపాయ అనుకుంటి, ఇన్నాళ్లూ."

కిటికీ వైపు తిరిగింది. కర్నూలు వచ్చేదాకా అటే చూస్తూ కూర్చుంది. ఆమెకు నా మీద మిగిలి ఉన్న ఒక్క మంచి అభిప్రాయాన్నీ నేనే తీసేశానని నాకు అర్థమైంది. చెప్పినందుకు మాత్రం చింతపడలేదు.

మరునాడు అన్నతో అన్నాను, ఇకమీదట మధ్యాహ్నం నా వంతు ఆఖరికి మార్చమని. అమ్మ తిన్నాక వస్తానన్నాను. అన్న వింతగా చూశాడు గాని ఒప్పుకున్నాడు. ఆ పూట లోపలికి వెళ్లి రెండు పళ్లేలు నేనే పెట్టాను. ఆమె నిలబడే ఉంది.

"ఏమిటిది? మీరు తినిపోండి. మీరు కూచ్చోనుంటే నాకు ముద్ద దిగదు."

"దిగినప్పుడే తిను. నేను యాడికీ పోను."

"గిరాకీ వస్తే?"

"అన్న ఉండాడు."

చాలా రోజులు ఆమె కూర్చోలేదు. నేను తినకుండా పళ్లెం ముందు ఊరికే కూర్చుని, అన్నం చల్లారాక ఒక్కడినే తిని లేచేవాణ్ణి. అమ్మ గడప దగ్గర నుంచి చూసి, "ఏమప్పా, ఆడోళ్ల బంతిలో చేరితివా?" అనేది. "అవునమ్మా" అనేవాణ్ణి. చివరికి ఒక పూట, నా మీద జాలిపడో, విసుగుపుట్టో, ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. గబగబా తినడం మొదలుపెట్టింది. చూపు నా చేతి మీదే.

ఆ చూపుకు ఏం చెప్పాలో నాకు మాటల్లో తెలియలేదు. అందుకని ఇలా చేస్తున్నాను. మజ్జిగన్నం అంతా తిని ఒక్క ముద్ద పళ్లెంలో ఉంచుకుంటాను. ఆమె ఎంతసేపు తింటే అంతసేపు ఆ ముద్ద నా ముందు అలాగే ఉంటుంది. అంగడిలోంచి అన్న పిలుస్తాడు, లారీ వచ్చిందని కూలీలు కేకవేస్తారు. "తింటాండా" అని జవాబిస్తాను. ఆమె పళ్లెం ఖాళీ చేసి, మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టాక, అప్పుడు నా ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకుంటాను.